గ్రాండ్‌మాస్టర్ టైటిల్ ఎలా వస్తుంది: తొలి రేటింగ్ నుంచి చివరి నార్మ్ దాకా

పిల్లవాడు జిల్లా పోటీలో కప్పు తెచ్చుకోగానే చుట్టాలు, ఇరుగుపొరుగు అడిగే ప్రశ్న ఒకటే: "మరి గ్రాండ్‌మాస్టర్ ఎప్పుడవుతాడు?" జవాబు చాలాసార్లు అమ్మానాన్నలకే తెలియదు. ఏదో పెద్ద టోర్నమెంట్ గెలిస్తే ఇచ్చేస్తారని కొందరు అనుకుంటారు. ఆన్‌లైన్‌లో రేటింగ్ (ఆట బలాన్ని చూపే అంకె) పెరిగితే చాలని ఇంకొందరు. అసలు పద్ధతి తెలియక డబ్బూ, పిల్లల విలువైన వయసూ తప్పుచోట ఖర్చుపెట్టే కుటుంబాలను చూస్తే బాధేస్తుంది. అందుకే ఈ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో లెక్కలతో సహా చెబుతున్నాను. ఆడేది మీరే అయినా, మీ పిల్లలైనా పనికొస్తుంది.

ముందే ఒక మాట. నార్మ్‌ల వెంట, అంటే టైటిల్ స్థాయిలో ఆడారని టోర్నమెంట్లలో చూపించే ఫలితాల వెంట, పరుగెత్తడం చివరి పని. మొదట ఆటలో బలం రావాలి, ఆ బలం రేటింగ్‌లో కనబడాలి. అయితే ఆ స్థాయికి చేరాక లెక్క తెలియకపోతే మాత్రం చేతికి అందిన నార్మ్ అర పాయింట్ తేడాతో జారిపోతుంది. ఈ రెండు విషయాలూ గుర్తుంటే మిగతాదంతా ఓపిక.

మొదటి పని: ఏ టైటిల్‌కి ఏం కావాలో తెలుసుకోండి

టైటిళ్లు ఇచ్చేది ఫిడే. 1924లో పారిస్‌లో మొదలైన అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఇది. 1950లో తొలిసారి అధికారికంగా గ్రాండ్‌మాస్టర్ టైటిళ్లు ఇచ్చినప్పుడు ప్రపంచం మొత్తం మీద 27 మందికే దక్కాయి. మన దేశం నుంచి మొదట అందుకున్నది విశ్వనాథన్ ఆనంద్, 1988లో. 2001లో గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ, ఆ మరుసటి ఏడాదే పదిహేనేళ్ల కోనేరు హంపి గ్రాండ్‌మాస్టర్లయ్యాక తెలుగు ఇళ్లలో ఈ మాట మామూలైపోయింది.

కింది నుంచి పైకి చూద్దాం. క్యాండిడేట్ మాస్టర్‌కి 2200 రేటింగ్, ఫిడే మాస్టర్‌కి 2300 రేటింగ్ కావాలి. కనీసం 30 రేటెడ్ గేములు ఆడి ఉండాలి. ఈ రెండింటికీ నార్మ్‌లు అక్కర్లేదు, రేటింగ్ అందితే చాలు. అసలు కష్టం ఆ పైన ఉంది. ఇంటర్నేషనల్ మాస్టర్‌కి 2400 రేటింగ్‌తో పాటు నార్మ్‌లు, గ్రాండ్‌మాస్టర్‌కి 2500 రేటింగ్‌తో పాటు నార్మ్‌లు కావాలి. నార్మ్‌లన్నీ కలిపి కనీసం 27 గేములు ఉండాలి. మామూలుగా టోర్నమెంట్‌కి తొమ్మిది రౌండ్లు కాబట్టి మూడు నార్మ్‌లు అని అందరూ అంటుంటారు.

మహిళలకు విడిగా నాలుగు టైటిళ్లున్నాయి. మహిళా క్యాండిడేట్ మాస్టర్ 2000, మహిళా ఫిడే మాస్టర్ 2100. మహిళా ఇంటర్నేషనల్ మాస్టర్‌కి 2200, మహిళా గ్రాండ్‌మాస్టర్‌కి 2300, ఈ రెండింటికీ నార్మ్‌లు కూడా. ఇవి ఆడపిల్లలకు అదనంగా ఇచ్చిన మెట్లు మాత్రమే. గ్రాండ్‌మాస్టర్ టైటిల్ అందరిదీ. హంపి, ద్రోణవల్లి హారిక, వైశాలి, దివ్య దేశ్‌ముఖ్ అందుకున్నది ఆ పూర్తి టైటిలే. మీ అమ్మాయికి మహిళా టైటిల్ దగ్గరే లక్ష్యం ఆపేయకండి. మధ్యలో వస్తే సంతోషంగా తీసుకోండి, కళ్లు మాత్రం పై మెట్టు మీదే ఉండాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఆన్‌లైన్ ఆటకు ఫిడేవే "అరీనా" టైటిళ్లు ఉన్నాయి. అరీనా గ్రాండ్‌మాస్టర్ అన్న పేరు చూసి మోసపోవద్దు, అదీ ఇదీ ఒకటి కాదు. వెబ్‌సైట్లలో, యాప్‌లలో వచ్చే రేటింగ్‌కి కూడా ఈ దారిలో విలువ లేదు. బోర్డు ముందు కూర్చుని, గడియారం పెట్టుకుని, ఆర్బిటర్ (ఆటకు రిఫరీ) సమక్షంలో ఆడే క్లాసికల్, అంటే ఎక్కువ సమయం ఇచ్చే, గేములే లెక్క. ర్యాపిడ్, బ్లిట్జ్ రేటింగ్‌లు వేరుగా ఉంటాయి, అవీ ఈ టైటిల్‌కి పనికిరావు.

రెండో పని: ఫిడే రేటింగ్ తెచ్చుకోండి

మొదట రాష్ట్ర చెస్ సంఘం, అఖిల భారత చెస్ సమాఖ్యల్లో ఆటగాడిగా నమోదు చేయించాలి. ఆ తర్వాత ఫిడే ఐడీ వస్తుంది. పేరు, పుట్టినతేదీ బర్త్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్ట్‌లో ఎలా ఉన్నాయో సరిగ్గా అలాగే ఇవ్వండి. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియల్ విడమరచాలా వద్దా అన్న చిన్న తేడాలే తర్వాత విదేశీ టోర్నమెంట్లప్పుడు తలనొప్పి తెస్తాయి.

ఇక ఫిడే రేటింగ్ ఉన్న టోర్నమెంట్లలో ఆడాలి. రేటింగ్ ఉన్న ప్రత్యర్థులతో కనీసం అయిదు గేములు పూర్తయి, వాటి నుంచి లెక్కగట్టిన రేటింగ్ 1400కి తగ్గకుండా ఉంటే జాబితాలో పేరు వస్తుంది. ఆ అయిదూ ఒకే టోర్నమెంట్‌లో కానక్కర్లేదు. ఈ 1400 గీత 2024 మార్చి నుంచి ఉన్నది, అంతకుముందు 1000గా ఉండేది. కాబట్టి మీ పక్కింటి అన్నయ్య పదేళ్ల కిందట 1100తో మొదలుపెట్టాడని విని, మీ వాడికి మొదటి టోర్నమెంట్‌లో రేటింగ్ రాలేదని కంగారు పడకండి. అప్పటి గీత వేరు, ఇప్పటి గీత వేరు.

నా సలహా ఏమిటంటే, రేటింగ్ కోసం మరీ తొందరపడొద్దు. ఎత్తులు తప్పుల్లేకుండా రాసుకోవడం, మూడు గంటలు ఓపికగా కూర్చోవడం, ఓడినా చేయి కలిపి లేవడం అలవాటయ్యాక ఆడిస్తే మొదటి రేటింగ్ మెరుగ్గా వస్తుంది, పిల్లల మనసూ నిలకడగా ఉంటుంది.

మూడో పని: కె విలువ అర్థం చేసుకుని వయసును వాడుకోండి

రేటింగ్ ఎలా పెరుగుతుందో ఒక్కసారి చేత్తో లెక్క వేసి చూడండి. మీ రేటింగ్ 1500, ప్రత్యర్థిది 1600 అనుకుందాం. వంద పాయింట్ల తేడాకి మీనుంచి ఆశించే ఫలితం 0.36. గెలిస్తే మీకు వచ్చింది 1, కాబట్టి 0.64 ఎక్కువ. దీన్ని కె అనే సంఖ్యతో గుణిస్తారు. కె 40 అయితే 25.6 పాయింట్లు పెరుగుతాయి. డ్రా అయితే 5.6 పెరుగుతాయి, ఓడితే 14.4 తగ్గుతాయి. ఇంతే లెక్క.

ఇందులో గమనించాల్సింది ఆ కె. కొత్తగా వచ్చినవారికి మొదటి 30 గేముల దాకా కె 40. పద్దెనిమిదేళ్లు నిండే సంవత్సరం ఆఖరు దాకా, రేటింగ్ 2300 లోపు ఉన్నంతకాలం, కె 40 గానే ఉంటుంది. మిగతావారికి 2400 లోపు 20. ఒక్కసారి 2400 అందుకున్నారంటే కె 10, ఆ తర్వాత రేటింగ్ పడిపోయినా అది 10గానే ఉండిపోతుంది.

దీని అర్థం ఏమిటో చూడండి. కె 40 ఉన్న పిల్లవాడు రేటింగ్‌లో వంద పెంచుకోవాలంటే ఆశించిన దానికన్నా రెండున్నర పాయింట్లు ఎక్కువ సాధిస్తే చాలు. కె 20తో 2300 నుంచి 2400కి పోవాలంటే అయిదు పాయింట్లు ఎక్కువ కావాలి. 2400 నుంచి 2500కి పోవాలంటే ఏకంగా పది. పై అంచెలో వంద పాయింట్లు కింది అంచె కంటే నాలుగు రెట్లు బరువు. చాలామంది మంచి ఆటగాళ్లు మూడు నార్మ్‌లూ జేబులో పెట్టుకుని 2460 దగ్గరో, 2480 దగ్గరో ఏళ్ల తరబడి ఆగిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

అందుకే పద్దెనిమిదేళ్ల లోపు ఉన్న కాలం బంగారం. ఆ వయసులో పదో తరగతి, ఇంటర్, ఈఏపీసెట్, జేఈఈ అడ్డం వస్తాయని నాకు తెలుసు. మన దగ్గర కార్పొరేట్ కాలేజీ టైమ్‌టేబుల్‌లో టోర్నమెంట్‌కి చోటు దొరకదు. ఏడాది మొత్తం ఆట మానేసి పరీక్షల తర్వాత మళ్లీ మొదలుపెడదాం అనుకునే ముందు ఈ కె లెక్క ఒకసారి గుర్తుచేసుకోండి. పూర్తిగా మానేయడం కన్నా, సెలవుల్లో రెండు మూడు మంచి టోర్నమెంట్లు ఎంచుకుని ఆడించడం నయం.

అలాగని వారం వారం టోర్నమెంట్లు తిప్పడమూ తప్పే. కె 40 ఎత్తేటప్పుడు ఎంత వేగంగా ఎత్తుతుందో పడేసేటప్పుడూ అంతే వేగంగా పడేస్తుంది. టోర్నమెంట్‌కీ టోర్నమెంట్‌కీ మధ్య ఆడిన ప్రతి గేమునూ ముందు కంప్యూటర్ లేకుండా సొంతంగా విశ్లేషించి, ఎక్కడ ఏమనుకున్నారో రాసుకుని, ఆ తర్వాతే ఇంజిన్‌తో సరిచూసుకోవాలి. ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆట చివరి దశ) గట్టిగా నేర్చుకోవాలి, ముఖ్యంగా ఏనుగుల ఎండ్‌గేమ్‌లు. 2000 దాటాక అర పాయింట్లు ఎక్కువగా అక్కడే పోతాయి, అక్కడే వస్తాయి.

నాలుగో పని: నార్మ్ అంటే ఏమిటో అక్షరాలా నేర్చుకోండి

అందరూ తడబడేది ఇక్కడే, కనుక కాస్త నెమ్మదిగా వెళ్దాం.

ఒక టోర్నమెంట్‌లో మీరు గ్రాండ్‌మాస్టర్ స్థాయిలో ఆడారని చూపించే ఫలితాన్నే నార్మ్ అంటారు. ఆ స్థాయిని పెర్ఫార్మెన్స్ రేటింగ్‌తో, అంటే ప్రత్యర్థుల రేటింగ్‌లనూ మీ పాయింట్లనూ బట్టి ఆ ఒక్క టోర్నమెంట్‌కి లెక్కగట్టే రేటింగ్‌తో, కొలుస్తారు. గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కి అది 2600 ఉండాలి. ఇంటర్నేషనల్ మాస్టర్‌కి 2450, మహిళా గ్రాండ్‌మాస్టర్‌కి 2400, మహిళా ఇంటర్నేషనల్ మాస్టర్‌కి 2250. కానీ బాగా ఆడితే సరిపోదు, ఎవరితో ఆడారన్నదీ చూస్తారు. తొమ్మిది రౌండ్ల టోర్నమెంట్‌లో గ్రాండ్‌మాస్టర్ నార్మ్‌కి ఉండే షరతులు ఇవి:

ప్రత్యర్థుల సగటు రేటింగ్ కనీసం 2380. వారిలో కనీసం ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లు. సగం మందికి పైగా, అంటే కనీసం అయిదుగురు, టైటిల్ ఉన్నవారు. క్యాండిడేట్ మాస్టర్, మహిళా క్యాండిడేట్ మాస్టర్ టైటిళ్లు ఈ లెక్కలోకి రావు. మీ దేశం వారు అయిదుగురికి మించకూడదు. ఏ ఒక్క దేశం వారూ ఆరుగురికి మించకూడదు. మీ దేశం కాకుండా కనీసం రెండు వేరే దేశాల వారు ఉండాలి.

సగటును బట్టి ఎన్ని పాయింట్లు కావాలో మారుతుంది. సగటు 2380 నుంచి 2433 దాకా ఉంటే తొమ్మిదికి 7 పాయింట్లు. 2434 నుంచి 2474 దాకా 6.5. 2475 నుంచి 2519 దాకా 6. 2520 నుంచి 2556 దాకా 5.5. 2557 నుంచి 2599 దాకా 5. సగటు 2600కి చేరితే 4.5 చాలు. ఈ వరుసను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. ఇంటర్నేషనల్ మాస్టర్ నార్మ్‌కి ప్రతి అంకెలోంచి 150 తీసేస్తే అదే పట్టిక వచ్చేస్తుంది: 2230 నుంచి 2283 దాకా 7 పాయింట్లు, అలా. అక్కడ ముగ్గురు గ్రాండ్‌మాస్టర్లకు బదులు ముగ్గురు ఇంటర్నేషనల్ మాస్టర్లు లేదా గ్రాండ్‌మాస్టర్లు ఉంటే చాలు.

ఇప్పుడొక ఊహాజనిత ఉదాహరణ. మీరు స్పెయిన్‌లో ఒక ఓపెన్ (ఎవరైనా చేరగల టోర్నమెంట్) ఆడుతున్నారనుకుందాం. తొమ్మిది రౌండ్లలో తగిలిన ప్రత్యర్థులు వరుసగా: టైటిల్ లేని స్పెయిన్ ఆటగాడు 2150, స్పెయిన్ ఫిడే మాస్టర్ 2359, జార్జియా గ్రాండ్‌మాస్టర్ 2478, మన దేశపు ఇంటర్నేషనల్ మాస్టర్ 2420, ఆర్మేనియా గ్రాండ్‌మాస్టర్ 2561, స్పెయిన్ ఇంటర్నేషనల్ మాస్టర్ 2390, మన దేశపు గ్రాండ్‌మాస్టర్ 2505, పెరూ ఇంటర్నేషనల్ మాస్టర్ 2448, సెర్బియా గ్రాండ్‌మాస్టర్ 2545.

గ్రాండ్‌మాస్టర్లు నలుగురు, బాగుంది. టైటిల్ ఉన్నవారు ఎనిమిది మంది. మనవాళ్లు ఇద్దరు, స్పెయిన్ వాళ్లు ముగ్గురు, దేశాల షరతూ తీరింది. రేటింగ్‌లన్నీ కూడితే 21856, సగటు 2428. పట్టిక ప్రకారం 7 పాయింట్లు కావాలి.

అయితే ఒక్క నిమిషం. మొదటి రౌండ్‌లో తగిలిన 2150 ఆటగాడి వల్ల మీ సగటు అన్యాయంగా పడిపోకుండా ఫిడే ఒక వెసులుబాటు ఇచ్చింది. అందరికన్నా తక్కువ రేటింగ్ ఉన్న ఒక్క ప్రత్యర్థిని, గ్రాండ్‌మాస్టర్ నార్మ్ లెక్కలో, 2200గా తీసుకోవచ్చు. ఇంటర్నేషనల్ మాస్టర్ నార్మ్‌కైతే 2050గా. అప్పుడు మొత్తం 21906, సగటు సరిగ్గా 2434. కావాల్సింది 6.5 మాత్రమే!

ఎనిమిది రౌండ్లు ముగిసేసరికి మీకు 6 పాయింట్లు ఉన్నాయనుకోండి. ఈ వెసులుబాటు తెలిసినవారు ఆఖరి రౌండ్‌లో 2545 గ్రాండ్‌మాస్టర్‌తో డ్రా అయితే చాలని ప్రశాంతంగా కూర్చుంటారు. తెలియనివారు గెలిచి తీరాలని టెన్షన్ పడి, సమంగా ఉన్న స్థితిలో లేనిపోని దాడికి దిగి ఓడిపోతారు. ఉల్టా కూడా జరుగుతుంది. ఆ ఆఖరి రౌండ్‌లో 2545కి బదులు 2440 ఇంటర్నేషనల్ మాస్టర్ తగిలి ఉంటే సగటు 2422కి దిగుతుంది, అప్పుడు 7 కావాలి. ఉన్నవి అవే 6 పాయింట్లు, కానీ ఇప్పుడు గెలవాల్సిందే. అది తెలియక నాలుగు ఎత్తులకే డ్రా ఒప్పుకుంటే నార్మ్ పోయినట్టే. అందుకే ఆఖరి రౌండ్ పెయిరింగ్ (ఎవరు ఎవరితో ఆడాలన్న జాబితా) రాగానే లెక్క వేయండి, చీఫ్ ఆర్బిటర్ దగ్గరకు వెళ్లి సరిచూసుకోండి. అడగడానికి మొహమాటపడకండి, చెప్పడం వాళ్ల పనిలో భాగమే.

బై తీసుకోవడం (ఒక రౌండ్ ఆడకుండా ఉండడం), ప్రత్యర్థి రాకపోవడం వల్ల వచ్చే పాయింట్లు రేటింగ్‌కి పనికిరావు, నార్మ్ లెక్కనూ చిక్కుల్లో పడేస్తాయి. నార్మ్ ఆశతో వెళ్లినప్పుడు మొదటి రౌండ్ నుంచి ఆఖరి రౌండ్ దాకా ఉండేలా రైలు, విమానం టికెట్లు తీసుకోండి.

ఒకసారి వచ్చిన నార్మ్‌కి గడువు తీరిపోవడం ఉండదు. నిరుడు వచ్చిందీ, అయిదేళ్ల కిందట వచ్చిందీ సమానమే.

అయిదో పని: టోర్నమెంట్ ఎంచుకోవడం

నార్మ్ టోర్నమెంట్లు రెండు రకాలు. ఒకటి, పది మంది ఒకరితో ఒకరు ఆడే క్లోజ్డ్ రౌండ్ రాబిన్. బుడాపెస్ట్‌లో ఫస్ట్ సాటర్డే పేరుతో జరిగే టోర్నమెంట్లు ఇందుకు పేరుపడ్డాయి. ఇందులో ప్రత్యర్థులెవరో, సగటు ఎంతో, ఎన్ని పాయింట్లు కావాలో మొదటి రోజే తెలిసిపోతుంది. ఆందోళన తక్కువ, ప్రిపరేషన్ సులువు. కానీ పాయింట్ల గీత మొదటి రోజు నుంచే నెత్తిమీద ఉంటుంది, రెండు ఓటములు వచ్చాయంటే మిగతా టోర్నమెంట్ ఉత్సాహం లేకుండా సాగుతుంది.

రెండోది స్విస్ పద్ధతిలో, అంటే ప్రతి రౌండ్‌లో దాదాపు సమాన పాయింట్లున్నవారిని జత చేస్తూ, జరిగే పెద్ద ఓపెన్. ఇక్కడ ఎవరు తగులుతారో తెలియదు, అదృష్టం కొంత ఉంటుంది. కానీ బాగా ఆడేకొద్దీ గట్టివాళ్లు వస్తారు, సగటు పెరుగుతుంది, కావాల్సిన పాయింట్లు తగ్గుతాయి. నా అభిప్రాయంలో ఎదిగే పిల్లలకు బలమైన ఓపెన్లే మంచివి. నార్మ్ రాకపోయినా ఆట పెరుగుతుంది. డబ్బు కట్టి క్లోజ్డ్‌లో కూర్చున్నంత మాత్రాన బలం లేనివారికి నార్మ్ రాదు.

మన దేశంలో ఆడితే ఖర్చు తక్కువ, తిండి ఇబ్బంది లేదు. చిక్కంతా విదేశీయుల షరతుతోనే, ఎందుకంటే బోర్డుల మీద ఎక్కువమంది మనవాళ్లే ఉంటారు. దీనికి ఒక మినహాయింపు ఉంది. స్విస్ టోర్నమెంట్‌లో ఆతిథ్య దేశం కాని మూడు దేశాల నుంచి కనీసం 20 మంది రేటెడ్ ఆటగాళ్లు ప్రతి రౌండ్‌లోనూ ఆడుతూ, వారిలో కనీసం 10 మందికి గ్రాండ్‌మాస్టర్, ఇంటర్నేషనల్ మాస్టర్ లేదా వాటి మహిళా టైటిళ్లు ఉంటే, మీకు వ్యక్తిగతంగా ఎంతమంది విదేశీయులు తగిలారన్నది చూడరు. మన దేశపు పెద్ద గ్రాండ్‌మాస్టర్ ఓపెన్లు చాలావరకు దీని మీదే ఆధారపడతాయి. గుకేశ్ 2019 జనవరిలో పన్నెండేళ్ల ఏడు నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయింది ఢిల్లీ ఓపెన్‌లోనే. అయితే మూడు నార్మ్‌లూ ఇలాగే కుదరదు, కనీసం ఒకటి మామూలు విదేశీ షరతుతో రావాలి. కాబట్టి చాలామందికి ఏదో ఒక దశలో పాస్‌పోర్ట్ తీయక తప్పదు.

యూరప్ వెళ్లేటప్పుడు ఒక్క టోర్నమెంట్ కోసం వెళ్లి రావడం దండగ. పక్కపక్క తేదీల్లో రెండు మూడు టోర్నమెంట్లు కలిపి వేసుకోండి, మధ్యలో కనీసం మూడు నాలుగు రోజుల విశ్రాంతి ఉంచండి. షెంజెన్ వీసా కోసం నెలల ముందే పని మొదలుపెట్టండి. గల్ఫ్‌లో జరిగే బలమైన ఓపెన్లకు ప్రయాణం తక్కువ, దుబాయ్‌లోనో షార్జాలోనో మన బంధువులుంటే బస ఖర్చూ కలిసొస్తుంది. పప్పన్నం తప్ప ముట్టని పిల్లలుంటే చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లే తల్లుల్ని చూసి నవ్వేవాళ్లుంటారు. నేనైతే వాళ్లనే మెచ్చుకుంటాను. తొమ్మిది రోజులు కడుపు చెడకుండా ఉండడం ఈ ఆటలో చిన్న విషయం కాదు.

ఫోన్ విషయంలో కఠినంగా ఉండండి. ఆట జరుగుతుండగా జేబులో ఫోన్ దొరికితే గేము పోతుంది, అంతటితో ఆగకపోవచ్చు కూడా. అప్పట్లో చెక్ రిపబ్లిక్ తరఫున ఆడుతున్న గ్రాండ్‌మాస్టర్ ఇగోర్స్ రౌసిస్ 2019లో టోర్నమెంట్ జరుగుతుండగా టాయిలెట్‌లో ఫోన్‌తో పట్టుబడ్డాడు. ఆరేళ్ల నిషేధం పడింది, గ్రాండ్‌మాస్టర్ టైటిల్ కూడా లాగేసుకున్నారు.

ఆరో పని: 2500 దాటడం

నార్మ్‌లూ రేటింగూ ఏ వరుసలో వచ్చినా ఫర్వాలేదు. వైశాలి 2023 అక్టోబర్‌లో ఖతార్‌లో మూడో నార్మ్ పూర్తిచేసుకుని, డిసెంబర్‌లో స్పెయిన్‌లో 2500 దాటింది. తెలంగాణ కుర్రాడు ఉప్పల ప్రణీత్ అదే ఏడాది బాకూ ఓపెన్‌లో రేటింగ్ గీత దాటి దేశానికి 82వ గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు.

ఇక్కడ తెలుసుకోవాల్సిన మంచి విషయం ఒకటుంది. నెల మొదట వచ్చే జాబితాలో 2500 కనబడాల్సిన పని లేదు. టోర్నమెంట్ మధ్యలో ఒక గేము గెలిచి ఆ క్షణానికి లెక్క 2500 తాకితే చాలు, తర్వాతి రౌండ్‌లో ఓడి కిందికి దిగినా అర్హత పోదు. 2490ల్లో ఉన్నప్పుడు ప్రతి రౌండ్ తర్వాత లైవ్ రేటింగ్ చూసుకోండి, ఏ రౌండ్‌లో దాటారో రాసిపెట్టుకోండి, దరఖాస్తులో అది చూపించాలి. ఆటగాడి టెన్షన్ పెరుగుతుందనుకుంటే ఆ లెక్క ఇంట్లో పెద్దవాళ్లో, కోచో చూసుకుంటే మంచిది.

నార్మ్‌లు, రేటింగ్ అనే దారి కాకుండా నేరుగా టైటిల్ ఇచ్చే పోటీలూ కొన్ని ఉన్నాయి. ప్రపంచ జూనియర్ విజేత గ్రాండ్‌మాస్టర్ అవుతారు. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ ఇద్దరు భారతీయుల మధ్య జరిగింది. కోనేరు హంపిని టైబ్రేక్‌లో ఓడించి నాగ్‌పూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ కప్పు గెలిచింది. అప్పటికి ఆమె దగ్గర ఒక్క గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కూడా లేదు. ఆ గెలుపుతో నేరుగా దేశపు 88వ గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆసియా, ప్రపంచ యూత్ పోటీల్లో పతకాలకు కూడా కింది టైటిళ్లు నేరుగా వస్తాయి, వాటికిప్పుడు కనీస రేటింగ్ షరతు కూడా ఉంది. ఇది వస్తే వరమే, కానీ దీన్ని నమ్ముకుని ప్లాన్ వేసుకోకూడదు.

ఏడో పని: కాగితాలు

నార్మ్ వచ్చిన రోజే, హాలు వదలక ముందే, చీఫ్ ఆర్బిటర్ సంతకం చేసిన ఐటీ-1 ఫారం తీసుకోండి. నార్మ్ సర్టిఫికెట్ అంటే అదే. అందులో తొమ్మిది మంది ప్రత్యర్థుల పేర్లు, దేశాలు, టైటిళ్లు, రేటింగ్‌లు, ఫలితాలు, సగటు ఉంటాయి. ప్రతి గడినీ మీ నోట్‌బుక్‌తో సరిచూసుకోండి. ఒక దేశం తప్పు పడినా, ఒక టైటిల్ వదిలేసినా అక్కడే సరిచేయించడం తేలిక. ఆరు నెలల తర్వాత వేరే దేశంలోని ఆర్బిటర్‌కి మెయిళ్లు పెట్టి తిరగడం నరకం. కాగితం స్కాన్ చేసి రెండుచోట్ల దాచండి.

షరతులన్నీ పూర్తయ్యాక టైటిల్ కోసం మీరు నేరుగా ఫిడేకి రాయలేరు. అఖిల భారత చెస్ సమాఖ్య ద్వారానే దరఖాస్తు వెళ్లాలి, దానికి ఐటీ-2 అనే ఫారం ఉంది. నార్మ్ సర్టిఫికెట్లు జతచేయాలి, ఫిడేకి ఫీజు కట్టాలి. ఫిడే మాస్టర్, క్యాండిడేట్ మాస్టర్‌లకూ దరఖాస్తు చేస్తేనే టైటిల్ వస్తుంది. 2300 దాటేసి, అదే పేరు పక్కన చేరుతుందని ఎదురుచూస్తూ కూర్చునే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి.

షరతులను ఫిడే అప్పుడప్పుడూ మారుస్తూ ఉంటుంది. అందుకని ప్రతి నార్మ్ టోర్నమెంట్‌కి బయలుదేరే ముందు ఫిడే హ్యాండ్‌బుక్‌లోని టైటిల్ నిబంధనలు ఒకసారి తిరగేయండి. అందులో ఉండే భాష కాస్త బరువుగా ఉంటుంది, కానీ అరగంట కేటాయిస్తే అర్థమవుతుంది.

దరఖాస్తు చేరాక ఫిడే తన వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా ఉంచుతుంది, అభ్యంతరాలు రాకపోతే ఆమోదిస్తుంది. టైటిల్ తేదీగా మాత్రం ఆఖరి షరతు తీరిన రోజునే తీసుకుంటారు. ఆ తర్వాత రేటింగ్ 2400కి పడిపోయినా, ఆట మానేసినా టైటిల్ జీవితాంతం మీదే.